పెద్దల సభ కథ – 7: గలభా నుంచి గల్లంతు దాకా

గత భాగాన్ని భవనం వెంకట్రామ్ దగ్గర ఆపాం. శాసన మండలి సభ్యుడిగా ఉంటూ 1982 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కి, ఏడు నెలలు నిండకుండానే దిగిపోయిన పెద్దమనిషి ఆయన. 1958 జూలైలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదలైన సభ అది. మొదట మాడపాటి హనుమంతరావు, తర్వాత మన కృష్ణా జిల్లా రైతు పెద్ద గొట్టిపాటి బ్రహ్మయ్య అధ్యక్షులుగా నడిపారు. పాతికేళ్ళు తిరక్కుండానే అది ఎలా తయారైందో చూశాం. ఎన్నికల్లో ఓడినవాళ్ళకు ఓదార్పు, టికెట్టు రాక అలిగినవాళ్ళకు బుజ్జగింపు, ఢిల్లీ నుంచి వచ్చిన పేరుకు చోటు. మంచి చర్చలు జరగలేదని కాదు, జరిగాయి. కానీ వాటిని బయట విన్నవాళ్ళు తక్కువ. ఈ భాగంలో ఆ సభకూ కొత్తగా వచ్చిన ప్రభుత్వానికీ మధ్య రెండేళ్ళ పైచిలుకు నడిచిన పోరు చూద్దాం.

ఈ కథలో మనుషులంతా ఎక్కడివాళ్ళో తెలియాలంటే హనుమాన్ జంక్షన్ సెంటర్లో, ఆంజనేయస్వామి గుడి ముందు నిలబడితే చాలు. గుడివాడ రోడ్డు పట్టుకుని వెళ్తే ఆ చుట్టుపక్కలే నిమ్మకూరు, పెదపారుపూడి. మొదటిది నందమూరి తారక రామారావు పుట్టిన ఊరు, రెండోది 'ఈనాడు' రామోజీరావు పుట్టిన ఊరు. విజయవాడ వైపు తిరిగితే మధ్యలో గన్నవరం, అది పుచ్చలపల్లి సుందరయ్య నియోజకవర్గం. విజయవాడ దాటి కృష్ణ అవతలి గట్టుకు పోతే, తెనాలి దగ్గర వేమూరు. అది కొణిజేటి రోశయ్య ఊరు. సభను తీసేయాలన్నవాడు, ఆ సభ చేత దోషి అనిపించుకున్నవాడు, ఆ సభలో కూర్చుని ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసినవాడు, ముగ్గురూ కృష్ణ కాలవల నీళ్ళు తాగినవాళ్ళే. తగాదా హైదరాబాదులో జరిగింది గాని, మనుషులు మాత్రం డెల్టా మనుషులు.

సుందరయ్య పేరు ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. 1952లో ఆయన రాజ్యసభకు వెళ్ళి అక్కడ కమ్యూనిస్టుల నాయకుడిగా కూర్చున్నారు. సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళిన సభ్యుడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు, 1955లో, 1962లో, మళ్ళీ 1978లో. అంటే ఈ ప్రాంతపు ఓటరుకు పై సభ, కింది సభ అనే తేడా కొత్తేమీ కాదు. ఢిల్లీలో పై సభ ఎందుకుందో చెప్పడం కొంత తేలిక. అక్కడ రాష్ట్రాల తరఫున మాట్లాడేవాళ్ళు కూర్చుంటారు. రాష్ట్రంలో పై సభ ఎవరి తరఫున? చిక్కంతా ఈ ప్రశ్న దగ్గరే మొదలైంది.

1983 జనవరి 9న ఎన్టీఆర్ హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో, జనం మధ్య ప్రమాణ స్వీకారం చేశారు. 294 స్థానాల శాసనసభలో తెలుగుదేశం బలం రెండు వందలు దాటింది. చైతన్య రథం మీద నిద్ర, రోడ్డు పక్కన స్నానం, ఖాకీ బట్టలు, ఇవన్నీ చూసిన జనం ఇక ఈయన మాటకు అడ్డు లేదనుకున్నారు. కానీ అడ్డు ఉంది. 90 మంది శాసన మండలిలో కాంగ్రెస్ వాళ్ళదే పైచేయి. పుట్టి తొమ్మిది నెలలైన పార్టీకి అక్కడ చెప్పుకోదగ్గ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ 90 మంది ఎలా వచ్చేవారో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 31 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 31 మందిని పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు, మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థల వాళ్ళు ఎన్నుకుంటారు. ఎనిమిది మందిని పట్టభద్రులు, ఎనిమిది మందిని ఉపాధ్యాయులు. మిగతా 12 మందిని సాహిత్యం, కళలు, శాస్త్రం, సహకారోద్యమం, సంఘసేవ అనే పేర్ల మీద గవర్నరు నామినేట్ చేస్తారు. ఒక్కొక్కరి పదవి ఆరేళ్ళు. రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతే కొత్తవాళ్ళు వస్తారు. సభ మొత్తంగా ఎప్పుడూ రద్దు కాదు. 1983 జనవరిలో జనం ఒక్క ఊపున శాసనసభను మార్చేశారు గాని, మండలి మాత్రం నిన్నటి కాంగ్రెస్ రాజ్యం పోసిన పోతలోనే ఉండిపోయింది. నిజానికి అలా ఉండాలనే రాజ్యాంగం రాసినవాళ్ళ ఉద్దేశం. ఒక్క ఎన్నికల గాలికి రెండు సభలూ కొట్టుకుపోకూడదని. కాగితం మీద బాగానే ఉంది. రెండు వందల మందిని గెలిపించుకొచ్చిన మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుంది?

పల్లెల్లో ఈ సభ ఎన్నికలు ఎవరికీ పట్టేవి కావు. పోలింగు జరిగిందన్న సంగతే చాలామందికి మర్నాడు పేపర్లో చూస్తే గాని తెలియదు. స్థానిక సంస్థల కోటాలో ఓటున్నవాళ్ళు కొద్దిమంది, వాళ్ళ చుట్టూ తిరిగే జీపులు మాత్రం ఎక్కువ. పట్టభద్రుల ఓటు ఇంకో రకం వింత. డిగ్రీ చేతికొచ్చి మూడేళ్ళు నిండాలి, దరఖాస్తు పెట్టుకుని పేరు నమోదు చేయించుకోవాలి, బ్యాలెట్ మీద ముద్ర వేయకుండా 1, 2, 3 అని అంకెలు వేయాలి. పదెకరాలు దున్ని కొడుకును బి.ఏ. చదివించిన రైతుకు ఒక ఓటు, కొడుక్కు రెండు. ఉపాధ్యాయుల నియోజకవర్గం ఇంకా విడ్డూరం. హైస్కూలు, ఆ పై స్థాయిలో పాఠం చెప్పేవాళ్ళకే ఓటు. ఊళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దించే ఎలిమెంటరీ బడి పంతులు ఉపాధ్యాయుల ఓటరు కాడు. ఇది ఏ పార్టీయో చేసిన పని కాదు, రాజ్యాంగం 171వ అధికరణంలోనే అలా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంత తతంగంతో ఏర్పడ్డ సభకు అధికారం ఎంత? డబ్బుకు సంబంధించిన బిల్లయితే 14 రోజులు అట్టే పెట్టుకోగలదు. మామూలు బిల్లు అయితే మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్ళీ ఆమోదించి పంపితే ఇంకో నెల. అంతే. పార్లమెంటులోలా రెండు సభలు కలిసి కూర్చుని తేల్చుకునే ఏర్పాటు కూడా రాష్ట్రాల్లో లేదు, ఆ అవసరమే లేదు, చివరి మాట ఎటూ శాసనసభదే. బ్రిటన్‌లో ప్రభువుల సభ లాయిడ్ జార్జ్ బడ్జెట్‌ను అడ్డుకుని, ఆ గొడవలో 1911 చట్టంతో తన వీటో పోగొట్టుకుంది. అయినా బిల్లును రెండేళ్ళు ఆపే సత్తా దానికి అప్పటికి మిగిలింది. మన మండలులకు పుట్టుకతోనే నాలుగు నెలలు. మరి నాలుగు నెలలు మాత్రమే ఆపగలిగిన సభ మీద ఎన్టీఆర్‌కు అంత పట్టుదల ఎందుకు?

జనంలో ఉన్న జవాబు రోశయ్య నాలుక. 1968 నుంచి వరసగా మండలికి వస్తున్నవాడు, మంత్రిగా చేసినవాడు, లెక్కలు కొట్టినపిండి. తెలుగులో వ్యంగ్యం ఆడితే కొత్త మంత్రులు నీళ్ళు నమలాల్సిందే. ఆయన మాటలకు తట్టుకోలేకే ఎన్టీఆర్ ఏకంగా సభనే ఎత్తేశారని మా వైపు టీ కొట్ల దగ్గర ఇప్పటికీ చెబుతారు. కథగా బాగుంటుంది. కానీ ఒక వక్త నోరు మూయించడానికి ఏ ముఖ్యమంత్రీ రాజ్యాంగంలోని 169వ అధికరణం దాకా వెళ్ళడు. అసలు కారణం వెతకాలంటే అధికారంలోకి వచ్చిన మొదటి రెండు నెలల పనులు చూడాలి.

ఫిబ్రవరిలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. యువతకు ఉద్యోగాలు రావాలంటే పెద్దవాళ్ళు తప్పుకోవాలన్నది వాదన. వేలమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. కూతురి పెళ్ళికి ఇంకో రెండేళ్ళు ఉందిలే అనుకున్న గుమాస్తాలు, ఇల్లు మొదలుపెట్టి కప్పు వేయని హెడ్మాస్టర్లు, వీళ్ళ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985 జనవరిలో కోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. అది తర్వాతి మాట. 1983 వేసవిలో మాత్రం ఉద్యోగులు మండిపడ్డారు. ఆ ఉద్యోగులు, ఆ టీచర్లే పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల ఓటర్లు. వాళ్ళ ఓట్లతో గెలిచి కూర్చున్న పదహారు మంది మండలిలో ఉన్నారు, కాంగ్రెస్ వాళ్ళకు తోడు. నాలుగు నెలల జాప్యం ఏ ప్రభుత్వమైనా భరిస్తుంది. ప్రతి సమావేశంలోనూ తాను ఇంటికి పంపిన మనుషుల తరఫున లేచి నిలబడి అడిగే సభను భరించడమే కష్టం.

మార్చిలో గొడవ పత్రికకెక్కింది. మండలిలో జరిగిన రభస మీద 1983 మార్చి 10న 'ఈనాడు' ఒక వార్త వేసింది, 'పెద్దల గలభా' అని శీర్షిక పెట్టి. రెండే మాటలు. మామూలుగా అయితే మధ్యాహ్నానికి ఆ పేపర్లో పకోడీలు కట్టేసేవారు. సభ్యులకు మాత్రం అది గుండెల్లో గుచ్చుకుంది. తమ హక్కులకు భంగం కలిగిందని నోటీసు ఇచ్చారు, విషయం హక్కుల కమిటీకి వెళ్ళింది. అప్పట్లో 'ఈనాడు' తెలుగుదేశానికి ఎంత అండగా నిలిచిందో తెలిసినవాళ్ళకు ఈ కోపం ఒక్క శీర్షిక మీదే కాదని అర్థమవుతుంది. కాంగ్రెస్ సభ్యుల కళ్ళకు ఆ పత్రికా ఆ పార్టీ ఒకే మనిషికి రెండు చేతుల్లా కనపడ్డాయి.

శీర్షిక వచ్చి సరిగ్గా రెండు వారాలకు, మార్చి 24న, శాసన మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానం చేసింది. చెప్పిన కారణాలు మూడు. ఈ సభ ప్రజలకు ప్రతినిధి కాదు, ఖజానాకు బరువు, చట్టాలకు జాప్యం. మూడింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ మూడూ 1958లోనూ నిజమే, 1978లోనూ నిజమే. అప్పుడు కాంగ్రెస్ వాళ్ళకు కనపడనివి ఇప్పుడు తెలుగుదేశానికి కనపడటం, ఇప్పుడు కాంగ్రెస్ వాళ్ళకు హఠాత్తుగా పెద్దల సభ గొప్పదనం గుర్తుకు రావడం, రెండూ రాజకీయాల్లో మామూలే.

లెక్కల విషయంలో ఎన్టీఆర్‌కు ఇబ్బంది లేదు. 169వ అధికరణం ప్రకారం శాసనసభ మొత్తం సభ్యుల్లో సగానికి పైన, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు కావాలి. ఆయనకు రెండూ ఉన్నాయి. మండలిని రద్దు చేసే ఈ పద్ధతిలో మండలిని అడగాల్సిన పనే లేదు. ఇదో చిత్రం. న్యూజిలాండ్‌లో 1950లో పై సభను తీసేయడానికి ఆ సభ ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు ప్రధాని సిడ్నీ హాలండ్, రద్దుకు ఓటేస్తామన్నవాళ్ళనే తెచ్చి ఆ సభలో నింపాడు. పత్రికలు వాళ్ళకు ఆత్మాహుతి దళం అని పేరు పెట్టాయి. మన దగ్గర అంత శ్రమ అక్కర్లేదు. కానీ ఇంకో తాళం ఉంది, దాని చెవి ఢిల్లీలో ఉంది. శాసనసభ తీర్మానం చేస్తే సరిపోదు, పార్లమెంటు చట్టం చేయాలి. "చేయవచ్చు" అంటుంది రాజ్యాంగం. "చేయాలి" అనదు, గడువూ పెట్టదు.

ఢిల్లీలో ఇందిరాగాంధీ. ఆంధ్రలో కాంగ్రెస్ చేతిలో మిగిలిన ఆఖరి కోటను ఆమె తన చేత్తో ఎందుకు కూల్చుకుంటుంది? తీర్మానం వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. ఆ మే 28న, తన పుట్టినరోజు నాడు, ఎన్టీఆర్ దేశం నలుమూలల నుంచి ప్రతిపక్ష నాయకులను విజయవాడకు రప్పించి మహానాడుతో పాటు సదస్సు పెట్టారు. రాష్ట్రాల హక్కులు, గవర్నర్ల పెత్తనం, కేంద్రం మిథ్య అనే మాటలు డెల్టా ఊళ్ళలో రచ్చబండల మీదకు వచ్చిన కాలం అది. మండలి రద్దు తీర్మానం ఢిల్లీ బల్ల మీద దుమ్ము కొట్టుకుంటుంటే, ఆ మాటలకు అదొక రుజువుగా పనికొచ్చింది కూడా.

1984 జనవరిలో ఇంకో పెద్ద దెబ్బ. ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఈ సంగతి ఈ కథలోకి ఎందుకొస్తుందంటే, ఊరు అనే చోట అధికారం అంటే ఇవే. ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ చెక్కలో ఏ పంట, ఎవరి గట్టు ఎటు జరిగింది, శిస్తు ఎంత, నీటి తీరువా ఎంత, అన్నీ కరణం గారి అడంగల్లో ఉండేవి. ఆ పుస్తకాలు తరతరాలుగా ఒకే ఇంటి అటక మీద ఉండేవి. ఆ ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని వేచి ఉండటం రైతుకు అలవాటైన పని. ఒక్క ఉదయాన ఆ పుస్తకాలు అప్పగించమన్నారు. కొన్నిచోట్ల ఇచ్చారు, కొన్నిచోట్ల పోలీసులను వెంటబెట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఈ మార్పును బిల్లుగా రెండు సభల్లోనూ పెట్టి గట్టెక్కించకుండా, ప్రభుత్వం ఆర్డినెన్సు మీద ఆర్డినెన్సుతో నెట్టుకొచ్చింది. సభలు కొలువుదీరిన ఆరు వారాలకు ఆర్డినెన్సు చచ్చిపోతుంది, కొత్తది పుడుతుంది. దాన్ని సుప్రీంకోర్టు 1985లో సమర్థించింది. నా మటుకు నాకు, మండలి బిల్లులను ఆపిందా అనే ప్రశ్న కన్నా ఇది పెద్దది. అడిగే సభ ఒకటి ఉందని తెలిసినప్పుడు ప్రభుత్వాలు ఆ సభ గుమ్మం తొక్కకుండా పోయే దారులు వెతుకుతాయి. ఈ అలవాటు ఒక్క ఎన్టీఆర్‌దే కాదు.

ఇక 'గలభా' కేసు. హక్కుల కమిటీ రామోజీరావును దోషిగా తేల్చింది. ఆయన్ను సభకు పిలిపించి మందలించాలని మండలి నిర్ణయించింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళి, అరెస్టు చేయకుండా స్టే తెచ్చుకున్నారు. 1984 మార్చి నెలాఖరు. మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టండి అని మండలి ఆదేశం. హైదరాబాదు పోలీసు కమిషనర్ కె. విజయరామారావు 'ఈనాడు' ఆఫీసుకు వెళ్ళారు. రామోజీరావు కోర్టు ఉత్తర్వు చూపించారు. కమిషనర్ వెనక్కి వచ్చేశారు.

ఇప్పుడు పోలీసులు ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్న దేశానికి కొత్త కాదు. 1964లో ఉత్తరప్రదేశ్ శాసనసభ, తాను జైలుకు పంపిన కేశవ్ సింగ్ అనే వ్యక్తికి బెయిలిచ్చినందుకు ఇద్దరు హైకోర్టు జడ్జీలనే పట్టుకురమ్మంది. అది రాష్ట్రపతి ద్వారా సుప్రీంకోర్టు సలహా దాకా వెళ్ళింది. అప్పుడు సభ ఒక పక్క, కోర్టు ఒక పక్క. హైదరాబాదులో మూడో పక్షం కూడా ఉంది, ప్రభుత్వం. పోలీసులు ప్రభుత్వం చేతిలో ఉన్నారు. ఆ ప్రభుత్వం రద్దు చేయమంటున్న సభ, ఆ ప్రభుత్వానికి కావలసిన పత్రికాధిపతిని పట్టుకురమ్మంటోంది. ఏం చేసినా తప్పే. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ చిక్కు విప్పలేదు. గవర్నరుకు సలహా చెప్పి సమావేశాలనే ముగించేయించింది. పెద్దలు సంచులు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళారు. తర్వాత అసలు మండలే లేకపోయింది, ఆ తీర్మానాన్ని అమలు చేయమని అడిగే సభ మిగల్లేదు.

పత్రికా స్వేచ్ఛ వైపు నిలబడ్డ చాలామంది ఆ రోజుల్లో మండలిని బాగా దుయ్యబట్టారు. నేనూ ఆ రెండు మాటల శీర్షికకు అంత శిక్ష ఎక్కువనే అంటాను. కానీ ఒకటి గమనించాలి. బిల్లును నాలుగు నెలలకు మించి ఆపలేని సభ, బడ్జెట్ మీద 14 రోజులకు మించి నోరెత్తలేని సభ, మనిషిని పట్టుకురండి అనే అధికారం మాత్రం పూర్తిగా కలిగి ఉంది. చేయాల్సిన పనికి చాలినంత బలం ఇవ్వకుండా, గౌరవం కాపాడుకోవడానికి మాత్రం కావలసినంత బలం ఇచ్చారు. అలాంటి సభ ఆ ఉన్న బలాన్నే వాడుతుంది.

1984 ఆగస్టు సంగతి ఇదివరకే చాలామంది రాశారు, క్లుప్తంగా దాటేస్తాను. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. ఎమ్మెల్యేలను కర్ణాటక తరలించి దాచుకోవాల్సి వచ్చింది. విజయవాడ అట్టుడికింది. సరిగ్గా నెలకు ఎన్టీఆర్ తిరిగొచ్చారు. తెలుగుదేశంలో మండలి మీద ఉన్న చిరాకు ఆ నెల రోజుల్లో ఢిల్లీ మీద కోపంతో కలిసిపోయింది. గవర్నరు, మండలి, కేంద్రం, అన్నీ ఒకే గూటి పక్షులనిపించాయి.

తర్వాత ఆరు నెలల్లో రంగమే మారిపోయింది. అక్టోబరు 31న ఇందిర హత్య. డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేసింది, ఆంధ్రలో మాత్రం తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. 1985 మార్చిలో శాసనసభ మధ్యంతర ఎన్నికలు. ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ, మూడు చోట్లా నిలబడి మూడు చోట్లా గెలిచారు. పార్టీకి 202 స్థానాలు. ఏప్రిల్‌లో శాసనసభ మళ్ళీ రద్దు తీర్మానం చేసింది. ఈసారి ఢిల్లీ అడ్డుపడలేదు. పార్లమెంటు చట్టం చేసింది, మే నెలాఖరుతో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి కథ ముగిసింది.

రాజీవ్‌గాంధీ ఎందుకు ఒప్పుకున్నారు? తల్లి ఏడాదిన్నరకు పైగా తొక్కిపెట్టినదాన్ని కొడుకు వదిలేయడం ఉదారత కాదని నా అనుమానం. రెండేళ్ళకోసారి మూడో వంతు దిగిపోతుందని ముందే చెప్పుకున్నాం. 202 మంది ఎమ్మెల్యేలున్న పార్టీకి ఆ కోటాలో వచ్చే సీట్లలో సింహభాగం దక్కుతుంది. గవర్నరు నామినేట్ చేసే పన్నెండు కూడా మంత్రివర్గం సలహా మీదే. ఇంకో రెండు విడతలు ఆగితే మండలి దానంతటదే తెలుగుదేశం చేతికి వచ్చేది. అంటే 1983లో కాంగ్రెస్‌కు కోటగా ఉన్నది 1985 నాటికి కూలడం మొదలైన గోడ. దాన్ని కాపాడితే రేపు కూర్చునేది ఎదుటివాళ్ళే. ఇక అటు ఎన్టీఆర్ కూడా ఆగి ఉంటే ఆ తొంభై కుర్చీలు ఆయన పార్టీవాళ్ళకే ఉపయోగపడేవి. ఆగలేదు. ఆగడం ఆయన స్వభావంలో లేదు. ఆ తొందరపాటులో ఒక నిజాయితీ కూడా ఉందని ఒప్పుకోవాలి, పదవులు పంచే చోటును ఆయన తన చేతికొచ్చే ముందే వదులుకున్నారు.

మన తర్వాత ఏడాదికే, 1986 నవంబరులో, తమిళనాడులో ఎం.జి.ఆర్. కూడా మండలిని ఎత్తేశారు. బెంగాల్ 1969లోనే, పంజాబ్ 1970లోనే తీసేశాయి. కానీ ఈ రెండేళ్ళ పోరు మొత్తంలో రెండు పక్షాల్లో ఎవరూ అడగని మాట ఒకటుంది. సభ ఉండాలా పోవాలా అనే కాకుండా, సభలోకి ఎవరు రావాలో మార్చవచ్చు కదా? 171వ అధికరణంలో రెండో క్లాజు చదవండి. పార్లమెంటు వేరే విధంగా చట్టం చేసేవరకే ఈ పట్టభద్రుల, ఉపాధ్యాయుల, స్థానిక సంస్థల కోటాలు అని స్పష్టంగా ఉంది. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మామూలు చట్టం చాలు. ఎలిమెంటరీ పంతులుకు ఓటు ఇవ్వవచ్చు. రైతులకు, చేనేతవాళ్ళకు, కూలీలకు కోటా పెట్టవచ్చు. పట్టభద్రుల ఓటే తీసేయవచ్చు. ఆ క్లాజును ఈ పని కోసం ఇంతవరకు ఎవరూ వాడలేదు.

ఐర్లండ్‌లో డి వలేరా కథ ఇక్కడ గుర్తొస్తుంది. తన బిల్లులకు అడ్డొస్తోందని 1936లో అక్కడి సెనేట్‌ను రద్దు చేశాడు. ఎన్టీఆర్ చేసిన పనే. కానీ మరుసటి ఏడాది కొత్త రాజ్యాంగం రాసినప్పుడు వేరే రూపంలో మళ్ళీ పెట్టాడు, వ్యవసాయం, కార్మికులు, సంస్కృతి అంటూ వృత్తుల వారీగా జాబితాలు కట్టి. ఆ జాబితాల్లోకి చివరకు పార్టీ మనుషులే దూరారన్నది వేరే సంగతి. కనీసం సభ ఎలా ఉండాలనే ప్రశ్న వేసుకున్నారు. 2013లో మళ్ళీ తీసేద్దామా అని జనాన్నే అడిగితే, కొద్ది తేడాతో వద్దన్నారు. మన దగ్గర జనాన్ని ఎవరూ అడగలేదు, 1958లోనూ, 1985లోనూ.

మండలి పోయిన మేలోనే ఇంకో రెండు జరిగాయి. 19న సుందరయ్య కన్నుమూశారు. అదే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, హనుమాన్ జంక్షన్ ఉన్న చోటికి బాపులపాడు మండలం అని పేరు వచ్చింది. సంతకాల కోసం, సర్టిఫికెట్ల కోసం ఇక తాలూకా కేంద్రం దాకా బస్సెక్కక్కర్లేదు. ఊరి జనానికి ఆ నెలలో తెలిసొచ్చిన మార్పు అదే. హైదరాబాదులో తొంభై కుర్చీలు ఖాళీ అయ్యాయన్న సంగతి పేపరు చదివేవాళ్ళ మధ్య ఓ పూట మాట అయింది, అంతే. బాధపడ్డవాళ్ళు ఉన్నారు. టీచర్ల సంఘాల వాళ్ళు, ఓడిపోయిన నాయకులు, ఆ సభలోకి చేరడానికి క్యూలో నిలబడ్డవాళ్ళు. ఈ మూడో రకం వాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఎన్టీఆర్ పార్టీలో కూడా.

ఆ క్యూ చెదిరిపోలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి 1989 ఎన్నికల్లో తెలుగుదేశం ఓడిపోయింది, మర్రి చెన్నారెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. కుర్చీలో కూర్చుని రెండు నెలలు కాకముందే, 1990 జనవరి 22న, మండలిని మళ్ళీ పెట్టాలని శాసనసభ చేత తీర్మానం చేయించారు. ఆ బిల్లు రాజ్యసభ దాటింది, లోక్‌సభలో మాత్రం చిక్కుకుంది. 1991లో లోక్‌సభ రద్దయ్యేసరికి దానికీ కాలం చెల్లింది. అక్కడి నుంచి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004లో మళ్ళీ తీర్మానం పెట్టే దాకా, 2007లో సభ తిరిగి కొలువుదీరే దాకా ఆ పదహారేళ్ళూ ఎవరెవరు ఎందుకు తిరిగారో వచ్చే భాగంలో చూద్దాం. రోశయ్య మళ్ళీ ఆ కథలోకి వస్తారు, ఈసారి ప్రతిపక్షం నుంచి కాదు.